స్టారుకూ డెల్టాకూ మధ్య

నేను ఒక స్టార్టరును. పోతపోసిన ఇనుప పెట్టె, పక్కన అరచేతికి నిండుగా పట్టే పిడి, కడుపులో బిందెడు నూనె, ఆ నూనెలో మునిగి ఉన్న రాగి నాలుకలు. ఇదే నా రూపం. నా పక్కనున్న మోటారు తిరుగుతుంది, నేను తిరగను. మిల్లు సాఫీగా నడిచిన రోజు అందరూ మోటారును మెచ్చుకుంటారు. ఆగిపోయిన రోజు నన్ను తిడతారు. మనుషుల లెక్క అలా ఉంటుంది. నేను దానికి ఎప్పుడో అలవాటు పడిపోయాను.

పెద్ద ఇండక్షన్ మోటారుకు ఒక దుర్గుణముంది. నిలబడ్డ చోటి నుంచి కదలాలంటే మామూలుగా తాగే కరెంటుకు ఆరేడు రెట్లు ఒక్క గుక్కలో లాగేస్తుంది. ఆ దాహానికి ఫ్యూజులు పోతాయి, చుట్టుపక్కల దీపాలు మసకబారతాయి, బెల్టులు తెగుతాయి. దాని నోటికి కాస్త అడ్డం పెట్టడానికే మా జాతిని పుట్టించారు. మోటారు లోపల మూడు తీగచుట్టలుంటాయి. వాటి ఆరు కొసలూ నా దగ్గరికే వస్తాయి. పిడిని ముందుకు నెడితే మూడు కొసలను ఒక ముడిగా కలుపుతాను. దాన్ని స్టారు అంటారు. అప్పుడు మోటారుకు కరెంటు మూడో వంతే అందుతుంది, బలమూ మూడో వంతే వస్తుంది. మూలుగుతూ, నెమ్మదిగా లేస్తుంది. వేగం అందుకున్నాక పిడిని వెనక్కి లాగితే ఆ ముడి విప్పి, కొసకు కొస కలిపి త్రికోణంగా కడతాను. అది డెల్టా. అక్కడి నుంచి పూర్తి బలం, పిడిని పట్టుకునే పని ఉండదు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. స్టారులో ఉన్నంతసేపూ నా పిడిని ఎవరో ఒకరు చేత్తో పట్టుకునే ఉండాలి. చెయ్యి తీస్తే లోపలి స్ప్రింగు పిడిని నడిమికి లాగి నన్ను ఆపేస్తుంది.

నేను పుట్టింది కోయంబత్తూరులో, ఇరుకు సందులోని ఒక చిన్న కార్ఖానాలో. అక్కడ బల్ల మీద నాకు ఒక పక్కన బావి మోటారు కోసం చేసిన చిన్న స్టార్టరు ఉండేది. దానికి ముందూ వెనకా చూసే పని లేదు. బొత్తాం నొక్కితే ఉన్న కరెంటంతా మోటారుకు ఒక్కసారే వదిలేస్తుంది. చిన్న మోటారు కనుక తట్టుకుంటుంది. రెండో పక్కన సిమెంటు ఫ్యాక్టరీకి పోవాల్సిన పెద్దమనిషి ఉండేవాడు. తన కడుపులోనే ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకుని, కరెంటును మెట్లు మెట్లుగా ఎక్కించేవాడు. వాళ్ళిద్దరి మధ్య నేను నడిమి తరగతి మనిషిలా ఉండేదాన్ని. ఒకనాడు గడ్డిలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, లారీ ఎక్కించారు. కన్ను తెరిచేసరికి ఆదోని.

నన్ను కొన్నది చెన్నబసప్ప శెట్టి. ఆయనది పత్తి జిన్నింగు మిల్లు. పత్తి నుంచి గింజను, దూదిని విడదీసే మిషన్లు పెద్ద షెడ్డులో వరసగా ఉండేవి. అన్నింటినీ తిప్పేది ఒకే మోటారు. నేల కింద, మనిషి వంగి నడిచేంత ఎత్తున పొడుగాటి గొయ్యి ఉండేది. ఆ గొయ్యిలో మిల్లు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఇనుప షాఫ్టు పడుకుని ఉండేది. మోటారు షాఫ్టును తిప్పితే, షాఫ్టు బెల్టులతో మిషన్లను తిప్పేది. ఆ మొత్తాన్ని వాళ్ళు ‘లైను’ అనేవాళ్ళు.

నేను రాకముందు శెట్టి మెయిన్ స్విచ్చి వేసి మోటారును నేరుగానే లేపేవాడట. స్విచ్చి వేసినప్పుడల్లా బజారంతా దీపాలు చచ్చిపోయి మళ్ళీ బతికేవట. ఒకరోజు పొద్దు వాలాక ఎదురుగా ఉన్న సెలూన్లో ఒక పెద్దమనిషి మీసం సగం పోయిందని, ఆయన అదే ముఖంతో మిల్లుకొచ్చి నిలబడ్డాడని చెప్పుకునేవాళ్ళు. కరెంటు ఆఫీసువాళ్ళు కనెక్షన్ కోసేస్తామన్నాక శెట్టి దిగొచ్చాడు. అలా ఒక మీసం పుణ్యమా అని నాకు ఇల్లు దొరికింది.

నా పిడి పట్టడానికి దస్తగిరిని నియమించారు. దూదేకుల మనిషి. వాళ్ళ తాత విల్లుతో దూది ఏకితే, తాను మోటారుతో ఏకిస్తున్నానని నవ్వేవాడు. నన్ను గోడకు బిగించడానికి వచ్చిన ఫిట్టరు అతనికి ఒక్క మాటే చెప్పి వెళ్ళాడు.

“గడియారం చూడకు, అంకెలు లెక్కపెట్టకు. చెవి పెట్టి విను. మోటారు మూలిగినంతసేపూ పట్టుకునే ఉండు. మూలుగు తగ్గి శబ్దం నున్నగా సాగినప్పుడు లాగు.”

దస్తగిరి ఆ మాట పట్టుకున్నాడు. చలికాలం పొద్దున బేరింగుల్లో గ్రీజు గడ్డకట్టి మోటారు ఎక్కువసేపు మూలిగేది. ఎండాకాలం తొందరగా లేచేది. వానపడితే బెల్టులు సాగి మరోలా ఉండేది. అతను తల ఒక పక్కకు వంచి, కళ్ళు సగం మూసి వినేవాడు. సరిగ్గా ఆ క్షణానికి పిడి లాగేవాడు. నా రాగి నాలుకల మధ్య నిప్పురవ్వ కూడా లేచేది కాదు.

అతని భార్య కాశింబి నాకు దగ్గరగా ఉన్న మొదటి మిషనుకు పత్తి వేసేది. సన్నగా, ఎత్తుగా ఉండే మనిషి. తల మీద, కనుబొమల మీద ఎప్పుడూ దూది నూగు ఉండేది. మిల్లులో ఆడవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆ హోరులో సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకునేవాళ్ళు. లైను ఆగినప్పుడు మాత్రం కాస్త నిశ్శబ్దం ఉండేది. ఆ నిశ్శబ్దంలో కాశింబి పక్కనున్న ఈరమ్మతో అనేది:

“ఈ పొద్దు ఆయప్పకు కోపముండాది. తొందరగా లాగినాడు, ఇన్యావా?”

“నువ్వేమన్నా అనింటావులే అక్కా,” అని ఈరమ్మ నవ్వేది.

ఈరమ్మ పని ఎక్కువగా గొయ్యిలో. షాఫ్టు చుట్టూ, బేరింగుల మీద పేరుకున్న దూదిని గీకి తీసేది. నూగు పేరుకుంటే వేడికి అంటుకుంటుంది. అందుకే లైను ఆగినప్పుడల్లా ఆమె దిగాలి. లైను వదిలే ముందు దస్తగిరి గట్టిగా “లైను ఇడుస్తాండా!” అని కేక వేసేవాడు. గొయ్యిలో ఎవరైనా ఉంటే “ఉండన్నా!” అనాలి. జవాబు రాకపోతేనే పిడి కదలాలి. అది ఎవరూ రాసిపెట్టని చట్టం. ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా తప్పలేదు.

జిన్నింగు మిల్లు హోరు మనుషుల్ని ఒకేసారి ఏమీ చేయదు. గోడకు చెమ్మ పట్టినట్టు, తెలియకుండా లోపలికి దిగుతుంది. దస్తగిరి విషయంలో అది నాకు ముందు తెలిసింది. ఒక సీజనులో అతను పిడిని ముందుగానే లాగడం మొదలుపెట్టాడు. మోటారు ఇంకా మూలుగుతూనే ఉండేది, అతను డెల్టాకు లాగేసేవాడు. ధబేలుమని శబ్దం. నా నాలుకలు కాలి నూనె నల్లబడేది. ఒక్కోసారి ఫ్యూజులు పోయేవి. తప్పు ఎవరిదనుకున్నారు? నాదే. మెకానిక్కును పిలిపించారు. అతను నా కడుపు విప్పి, నూనె పారబోసి, కొత్త నూనె పోసి, ఏమీ లేదని చెప్పి టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత దస్తగిరి ఒక ఉపాయం కనిపెట్టాడు. కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమ అరచేయి నా మూత మీద ఆనించి నిలబడేవాడు. మోటారు మూలుగు గోడలోంచి నాకు, నాలోంచి అతని చేతికి వణుకుగా అందేది. ఆ వణుకు సన్నబడగానే లాగేవాడు. మళ్ళీ పని నున్నగా సాగింది. చూసినవాళ్ళు పాత స్నేహం కొద్దీ నా మీద చెయ్యి వేశాడనుకున్నారు. అతని చెవుల పని నేను చేస్తున్నానని నాకొక్కదానికే తెలుసు.

కాశింబికి తెలిసిన రోజు నాకు బాగా గుర్తు. టీ వేళ. లైను ఆగి మిల్లంతా చప్పబడి ఉంది. దస్తగిరి ఆమెకు వీపు పెట్టి నా మూత తుడుస్తున్నాడు. ఆమె గ్లాసు పట్టుకుని వచ్చింది.

“ఏమయ్యా, టీ చల్లారిపోతాంది.”

అతను తుడుస్తూనే ఉన్నాడు.

“నిన్నే.”

కదలలేదు. ఆమె ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. ఏమనుకుందో ఏమో, మామూలు గొంతుతో అంది:

“మనిల్లు అంటుకున్యాదంట.”

దస్తగిరి గుడ్డ మడతపెట్టి, రెండో వైపు తుడవడం మొదలుపెట్టాడు. గ్లాసులో టీ తొణికి ఆమె వేళ్ళ మీద పడింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చుట్టూ తిరిగి అతని ముందుకు వచ్చింది. ఆమె ముఖం చూడగానే అతను నవ్వి గ్లాసు అందుకున్నాడు.

“ఎన్నాళ్ళ నుంచి?” అంది ఆమె.

అతను ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. “ఏంది ఎన్నాళ్ళ నుంచి?”

ఆమె చెవి తాకి చూపించింది.

దస్తగిరి ముఖం వాడిపోయింది. అటూ ఇటూ చూసి, “మెల్లగా మాట్లాడు!” అని అరిచాడు. మిల్లు ఆ చివర కూర్చున్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. తన గొంతు ఎంత పెద్దదో అతనికే తెలియదు.

కాశింబి పెదవులు మాత్రమే కదిపింది. “గొయ్యిలో నుంచి ఎవురన్నా కేకేస్తే?”

“అందురూ ఎక్కినాకనే గదా నేను ఇడిచేది? కళ్ళుండాయి గదా నాకు?” ఈసారి గుసగుసలాడాడు. “ఈ సీజను గడవనీ. ఎవురికీ చెప్పాకు. ఈ పిడి పోతే నన్ను మూటలు మొయ్యను పంపిస్తారు. ఈ వయసులో మోస్తానా చెప్పు.”

ఆమె చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. కానీ అప్పటి నుంచి లైను లేచే ప్రతిసారీ తన మిషను దగ్గర నిలబడి, ముక్కు గుడ్డ కిందికి లాగి, గొయ్యి వైపు చెవి పెట్టేది. దస్తగిరి కేక వేసి ఆమె వైపు చూసేవాడు. ఏ జవాబూ రాలేదని రూఢి చేసుకున్నాక ఆమె తల ఊపేది. అప్పుడు పిడి కదిలేది. భార్యాభర్తలు ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం చూసి ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఈ వయసులో ఇదేం సరసమని ఈరమ్మ వేళాకోళం చేసేది. కాశింబి నవ్వేది కాదు.

ఒకరోజు, మధ్యాహ్నం అన్నాల వేళ. ఆవరణలో పత్తి గుట్టలు షెడ్డు కప్పును తాకుతున్నాయి. నొక్కి కట్టిన దూది బేళ్ళు ఎత్తుకోవడానికి వచ్చిన లారీ గేటు దగ్గర ఆగి హారన్ కొడుతోంది. చెన్నబసప్ప శెట్టి గుమ్మంలోకి వచ్చి, “ఇంకా ఎంతసేపప్పా? లేపండి, లేపండి!” అని చేతులూపాడు. ఆడవాళ్ళు క్యారియర్లు మూసి లేచారు. కాశింబి చేతులు కడుక్కోవడానికి బయటి కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఈరమ్మ అందరికన్నా ముందే తిని, మిగిలిన నూగు గీకుదామని గొయ్యిలోకి దిగింది. ఆమె దిగడం దస్తగిరి చూడలేదు.

“లైను ఇడుస్తాండా!”

అతను మొదటి మిషను వైపు చూశాడు. అక్కడ కాశింబి లేదు. శెట్టి మళ్ళీ చేతులూపి, హారన్ కొడుతున్న లారీ వైపు పోయాడు.

“ఉండన్నా! ఉండు!” అని కింది నుంచి ఈరమ్మ కేక.

దస్తగిరి ఎడమ అరచేయి నా మీద ఆనించి, కుడిచేత్తో పిడి ముందుకు నెట్టాడు.

నేనేం చేయగలను? నెడితే స్టారు కట్టడమే నాకు తెలుసు. కట్టాను. మోటారు మూలిగింది. కింద షాఫ్టు కదిలింది. ఈరమ్మ కేక ఈసారి మాటలా లేదు. ఆమె చీర చెంగు షాఫ్టుకు చుట్టుకుంది. ఆడవాళ్ళు అరిచారు, క్యారియర్లు కింద పడ్డాయి. ఎవరో “ఆపన్నా, ఆపు!” అన్నారు. మిల్లంతా అరుస్తోంది. దస్తగిరి మాత్రం తల వంచి, కళ్ళు సగం మూసుకుని, నా మూతలోని వణుకు వింటున్నాడు.

కాశింబి అప్పుడే గుమ్మంలో అడుగు పెట్టింది. ఆమె అరవలేదు. అరిస్తే ఏం లాభమో ఆమెకు తెలుసు. తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, రెండు చేతులతో అతని మణికట్టు పట్టి పిడి మీది నుంచి ఊడబెరికింది. స్ప్రింగు పిడిని నడిమికి లాగింది. కరెంటు తెగింది. ఇంకా స్టారులోనే ఉన్నాం కనుక షాఫ్టుకు ఊపు రాలేదు. బెల్టులు మూలిగి, మరో రెండు చుట్లు తిరిగి లైను ఆగిపోయింది.

దస్తగిరి కోపంతో చెయ్యెత్తాడు. “పిచ్చి పట్టిందా నీకు?” ఆ తర్వాతే అతను చుట్టూ చూశాడు. అందరూ గొయ్యి వైపు పరుగెత్తుతున్నారు.

ఈరమ్మను పైకి తీసేసరికి చీర సగం షాఫ్టుకు చుట్టుకుని ఉంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర పక్కకు తిరిగిపోయింది. ప్రాణం ఉంది. కళ్ళు తెరిచే ఉంది. ఎవరో తుండు కప్పారు. హారన్ కొట్టిన ఆ లారీలోనే ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇందులో నా గొప్పేమీ లేదు. మెల్లగా లేపడం నా పని, అంతే. నేరుగా లేపి ఉంటే ఆ కాస్త వ్యవధి దొరికేది కాదన్నది నిజం. కానీ ఆ వ్యవధి ఎవరో ఒకరు పరుగెత్తి వాడుకోకపోతే దానంతటది ఎవరినీ కాపాడదు.

లారీ వెళ్ళాక శెట్టి నా దగ్గరికి వచ్చాడు. చుట్టూ జనం.

“ఏం దస్తగిరీ, కేకేసినావా?”

దస్తగిరి శెట్టి పెదవుల మీది నుంచి చూపు తీయలేదు. “ఏసినా సావుకారూ. జవాబు రాల్యా. ఈరమ్మ అరవల్యా.”

“అరవలేదా?”

“అరవల్యా. అరిస్తే ఇడుస్తానా?”

అతను అబద్ధమాడాడని నేను అనను. అతని లోకంలో ఈరమ్మ నిజంగానే అరవలేదు. కానీ శెట్టి తల ఊపుతూ, “తెలిసి తెలిసి గొయ్యిలో నోరు మూసుకుని కూచుంటే ఎవురేం చేస్తారు? ఆమెను ఇంక మిల్లులోకి రానీయొద్దండి,” అంటున్నాడు. కొందరు ఆడవాళ్ళు నేల చూపులు చూశారు. దస్తగిరి మంచివాడు. అతని మీద మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

“అరిచింది.”

అది కాశింబి. ఆమె భర్త వెనక నిలబడి ఉంది. చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

“అరిచింది సావుకారూ. కుళాయికాడ నాకు ఇనపడింది. రెండు మాట్లు అరిచింది. ఈయనకు ఇనపళ్ళేదు. ఈయనకు చెవులు పోయినాయి. పోయిన సీజను నుంచే. నాకు తెలుసు. తెల్సీ ఊరకుంటి.”

మిల్లు మొత్తం దస్తగిరి వైపు తిరిగింది. శెట్టి, హమాలీలు, ఆడవాళ్ళు, అందరూ. అతని వెనక భార్య తన గుట్టు విప్పేసిందని ఆ షెడ్డులో తెలియని మనిషి అతనొక్కడే. ముఖాలన్నీ ఎందుకు తన వైపు తిరిగాయో అర్థం కాక, ఒక్కొక్కరి ముఖమూ వెతికాడు. చివరికి వెనక్కి తిరిగి కాశింబిని చూశాడు. ఆమె మళ్ళీ చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. అతను భుజం మీది తుండు తీసి నా మీది తడి మచ్చలు తుడిచాడు. ఆమె చేతుల నీళ్ళవి. తుండు మడిచి భుజాన వేసుకుని, ఎవరినీ చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళు నా బతుకు కుక్కలు చింపిన విస్తరి. హమాలీలు ఒకరి తర్వాత ఒకరు పిడి పట్టి చూశారు. ఒకడు స్టారులో నిలపకుండానే డెల్టాకు లాగి ఫ్యూజులు కాల్చాడు. ఇంకొకడు భయంతో ఎంతకీ లాగలేదు, మోటారు కాలిన వాసన వచ్చింది. మనుషులకు ఇదొక చిత్రమైన జబ్బు. మొదలుపెట్టడం తెలుసు, పూర్తి వేగంతో పరుగెత్తడం తెలుసు. ఆ రెంటికీ మధ్య పిడి పట్టుకుని నిలబడటం మాత్రం ఎవరికీ ఇష్టముండదు. ఆవరణలో పత్తి పేరుకుపోయింది. శెట్టికి నిద్ర లేదు.

కాశింబి ఒక పొద్దున శెట్టి ముందు నిలబడింది.

“నేను పడతా సావుకారూ.”

“నువ్వా? ఆడమనిషివి, చీర కట్టుకుని...”

“పత్తేసేది ఆడోళ్ళు, గొయ్యిలో దిగేది ఆడోళ్ళు. ఆ చీరలు మీకు యానాడూ కనపడల్యా?”

శెట్టి బుర్ర గోక్కున్నాడు. “దస్తగిరి ఏమంటాడో?”

“ఆయన నాతో మాట్లాడ్డం ల్యా,” అంది కాశింబి. గొంతు మారలేదు. “ఒక మాట. నేను గొయ్యిలోకి దిగి ఈ కొస నుంచి ఆ కొసకు చూసి వచ్చినాకనే లైను ఇడుస్తా. లారీలు హారన్ కొట్టినా, మీరు చేతులూపినా సరే.”

శెట్టి ఒప్పుకున్నాడు. వేరే దారి లేదు.

ఆమె మొదటిసారి నా పిడి పట్టిన రోజది. గొయ్యి చూసి వచ్చింది. కొంగు బిగించింది. కేక వేసింది. నెట్టింది. మోటారు మూలిగింది. ఆమె తల వంచలేదు, కళ్ళు మూయలేదు. ఇన్నేళ్ళు పక్క మిషను దగ్గర నిలబడి ఆ మూలుగు వింటూనే ఉంది కదా! మూలుగు సాగి, పలచబడి, నున్నగా అయ్యింది. ఇంకొక్క ఊపిరి ఆగి లాగింది. నాలో నిప్పురవ్వ లేవలేదు. వరసగా మిషన్లు అందుకున్నాయి. ఆడవాళ్ళలో ఒకరు చప్పట్లు కొట్టినట్టు చేతులు కదిపారు, హోరులో వినపడలేదు. కాశింబి పిడి వదిలి గోడకు ఒరిగి కళ్ళు తుడుచుకుంది. సంతోషానికో, మరి దేనికో నాకు తెలియదు.

ఇంట్లో ఏం జరిగేదో నేను చూడలేదు. టీ వేళ ఆమె పక్కవాళ్ళతో అన్న మాటలే నాకు తెలుసు. అన్నం పెడితే తింటాడట. నీళ్ళు ముందే తెచ్చి పెడతాడట. ముఖం మాత్రం చూడడట. ముఖం చూడకపోతే అతనికి మాట అందదు. అంటే ఆమె నోరు నొక్కేసినట్టే. “చెప్పింటే ఒక తప్పు, చెప్పకపోయింటే ఇంకొక తప్పు. రెండూ చేసినా,” అంది ఒకసారి.

వేసవికి ముందు ఈరమ్మ తిరిగి వచ్చింది. చెయ్యి అతికింది గాని మోచెయ్యి వంకర తిరిగింది. భుజం దాటి పైకి లేవదు. శెట్టి ఆమెను నీడలో కూర్చోబెట్టి పత్తిలోని ఆకూ పుల్లా ఏరే పని ఇచ్చాడు. ఆమె కూర్చునే చోటు నా ఎదురుగా, తలుపు పక్కనే.

ఒకరోజు లైను ఆగి ఉన్న వేళ దస్తగిరి గేటులోకి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. ఎవరినీ పలకరించకుండా నేరుగా వచ్చి ఈరమ్మ ముందు నిలబడ్డాడు. ఆమె తలెత్తింది. కాశింబి పిడి దగ్గరే ఉండి కదలకుండా చూస్తోంది.

“అరిచినావు,” అన్నాడు దస్తగిరి. అది ప్రశ్న కాదు.

ఈరమ్మ అతని ముఖంలోకి చూసి, పెదవులు బాగా కనపడేలా చెప్పింది. “అరిసినా అన్నా.”

“నేను ల్యా అంటి.”

“ఊఁ.”

అతను ఆమె మోచేతి వైపు చూశాడు. ఈరమ్మ తన ముందున్న పత్తి కుప్పను మంచి చేత్తో పక్కకు జరిపి చోటు చేసింది. దస్తగిరి కూర్చున్నాడు. ఆమె ఏరుతుంటే తనూ ఏరడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా ఇద్దరూ ఏరుతూనే ఉన్నారు. శెట్టి అటుగా వచ్చి చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. ఒక పొద్దున లైను లేపే ముందు కాశింబి గొయ్యి మెట్ల వైపు నడుస్తుంటే, అతను లేచి ఆమెకన్నా ముందు దిగాడు. వంగి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, రెండో వైపు మెట్లెక్కి వచ్చి, చెయ్యెత్తి చూపించాడు. కాశింబి కేక వేసింది, చెవి పెట్టింది, పిడి నెట్టింది. ఆ రోజు నుంచి గొయ్యి చూడటం అతని పని, వినడం ఆమె పని. ఇందులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. క్షమించానని అతను అన్నట్టు నేనెన్నడూ వినలేదు. ఆమె అడగనూ లేదు.

కొత్త సీజన్లు వచ్చాయి, పాతవి పోయాయి. ఈరమ్మ తన కూతురి పెళ్ళి పిండివంటలు తెచ్చి అందరికీ పంచింది, నా మూత మీద కూడా ఒక అరిసె ముక్క పెట్టింది. చెన్నబసప్ప శెట్టి పోయాడు. అతని కొడుకు మిల్లు పగ్గాలు పట్టాడు. షాఫ్టు గొయ్యి పూడ్చేశారు, ప్రతి మిషనుకు విడిగా మోటారు వచ్చింది. గోడకు బీరువాల్లాంటి బూడిదరంగు పెట్టెలు నిలబెట్టారు. వాటి పేరు సాఫ్ట్ స్టార్టరు. ఆకుపచ్చ బొత్తాం నొక్కితే చాలు. లోపలి చిప్పులు కరెంటును చుక్క చుక్కగా పెంచుతాయి. ధబేలుమనే శబ్దం లేదు, నిప్పురవ్వ లేదు, నూనె లేదు. పట్టుకుని నిలబడే పనీ లేదు. నేను వాటిని తప్పుపట్టను. నేను చేసిన పనే అవి నాకంటే నున్నగా చేస్తున్నాయి. ఎవరి చేతి తీరూ వాటికి తెలియదు, అంతే.

కాశింబి కొన్నాళ్ళు బొత్తాం నొక్కి చూసింది. “దీనికి నేనెందుకు? పిల్లి నొక్కినా లేస్తుంది,” అని నవ్వి, ఇంక రానని చిన్న శెట్టికి చెప్పింది. అతను శాలువా కప్పి, ఒక ఫోటో తీయించాడు. ఫోటోలో దస్తగిరిని కూడా నిలబడమన్నారు. అతనికి వినపడక పక్కకు చూస్తుంటే ఈరమ్మ చెయ్యి పట్టి లాగి నిలబెట్టింది.

అప్పటికే నా ఆరు తీగలూ కోసేశారు. నూనె పారబోశారు. పాత బెల్టులు, అరిగిన పుల్లీలతో పాటు నన్ను గేటు పక్కన గోడవారగా పడేశారు. పాత ఇనుము కొనేవాడు ఇంకా రాలేదు. రేపు రావచ్చు. కరిగిస్తారు. కరిగినాక ఏమవుతానో నాకు తెలియదు. మళ్ళీ ఎవరి చేతికో పిడినవుతానేమో, ఏ ఇంటి కిటికీ ఊచనో అవుతానేమో. నూనె లేని కడుపు తేలిగ్గా ఉంది. వాన పడితే లోపల నీళ్ళు చేరి సాయంత్రం దాకా చల్లగా ఉంటుంది. అది కూడా బాగానే ఉంది.

ఆ సాయంత్రం ఫోటో అయ్యాక వాళ్ళు నా ముందు నుంచే గేటు దాటారు. ఆమె భుజం మీద ఇంకా శాలువా ఉంది. సంత రోజు కావడంతో రోడ్డు నిండా బండ్లు. దస్తగిరి ఎప్పట్లాగే రెండడుగులు ముందు నడుస్తున్నాడు. వెనక నుంచి మిరప బస్తాల లారీ ఒకటి హారన్ మోగిస్తూ వస్తోంది. అతను నడుస్తూనే ఉన్నాడు. కాశింబి గబగబా నాలుగడుగులు వేసి, రోడ్డు వైపుకు వచ్చి, అతని చొక్కా చెయ్యి పట్టి పక్కకు లాగింది. లారీ దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది.

దుమ్ము తగ్గాక చూశాను. ఆమె చొక్కా చెయ్యి వదలలేదు. అతను విడిపించుకోలేదు. అలాగే నడుచుకుంటూ మలుపు తిరిగారు.